రెండడుగుల పదంగుళాలు

పాత టీవీ ఒక రాత్రి టప్పుమని ఆరిపోయింది. ఇంట్లో అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను గానీ, లోపల మాత్రం గంతులేస్తున్నాను. అప్పటికి మూడు నెలలుగా, చేయాల్సిన పనులు పక్కన పడేసి మరీ, టీవీల గురించి చదువుతున్నాను. ఆ చదువు ఎందుకైనా అక్కరకు రావాలి కదా!

నాకు వంటబట్టిందల్లా ఒకటే. ఫుల్ హెచ్‌డీ అంటే తెర మీద అడ్డంగా 1920 చుక్కలు (వాటినే పిక్సెళ్ళంటారు), నిలువుగా 1080. మొత్తం ఇరవై లక్షల చిల్లర. అదే 4కె అయితే 3840, 2160. దగ్గర దగ్గర 83 లక్షలు.

"నాలుగు రెట్లు!" అన్నాను మా ఆవిడతో.

"కె అంటే వెయ్యి కదండీ. 3840 నాలుగు వేలెలా అయింది? మిగతా 160 ఏవి?"

చదివిన మూడు నెలల్లో ఈ ప్రశ్న నాకు రాలేదు. "అవన్నీ టెక్నికల్‌గా ఉంటాయిలే" అని షాపుకి బయల్దేరదీశాను.

షాపులో 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఒకటుంది. ధర మర్యాదగా ఉంది. అదే సైజులో 4కె టాప్ మోడల్ ఒకటుంది. ధర అమర్యాదగా ఉంది. ఆ అమర్యాద డబ్బుకే 55 అంగుళాల మామూలు 4కె కూడా వస్తోంది.

"పెద్దది తీసుకుందామండీ. అత్తయ్యగారికి కూడా కనబడుతుంది" అంది మా ఆవిడ.

"సైజు చూసి కొనడానికి ఇవేమైనా కర్టెన్లా? టీవీలో చూడాల్సింది పిక్సెల్ డెన్సిటీ. స్క్రీన్ చిన్నదైతే చుక్కలు ఇంకా దగ్గరగా సర్దుకుంటాయి" అన్నాను.

"సార్‌కి సబ్జెక్టు బాగా తెలుసు మేడమ్" అన్నాడు సేల్స్‌మన్. ఈ మాట ఎప్పుడు వినబడ్డా పర్సు మీద చెయ్యి వేసుకోవాలి. నేను వేసుకున్నాను, కాకపోతే తియ్యడానికి.

టాప్ మోడల్ తెర మీద ఒక ఊసరవెల్లి ఉంది. కంటి చుట్టూ పొలుసులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. పదిహేడు దాకా లెక్కపెట్టాను కూడా. నా ముక్కుకీ ఊసరవెల్లి ముక్కుకీ మధ్య జానెడు దూరమే ఉందన్న సంగతి మాత్రం తట్టలేదు. మా ఆవిడకి తట్టింది. "మనింట్లో ఇలా నిలబడి ఎవరు చూస్తారండీ?" అంది. అప్పటికే నా చేతిలో బిల్లుంది.

టీవీ వచ్చింది, గోడెక్కింది. సోఫాలో వెనక్కి వాలి చూశాను. గోడకి క్యాలెండర్ తగిలించినట్టుంది.

"ఏరా, మిగతాది రేపు తెస్తారా?" అంది అమ్మ.

సినిమా పెట్టాను. బాగానే ఉంది. పాత టీవీలో కూడా బాగానే ఉండేది. "తేడా ఏదండీ?" అంది మా ఆవిడ. "కళ్ళు అలవాటు పడాలి" అన్నాను. మూడు రోజులు గడిచాయి. కళ్ళు అలవాటు పడ్డాయి, తేడా లేకపోవడానికి.

అప్పుడు తెలిసింది, టీవీ 4కె అయితే సరిపోదు, అందులోకి వచ్చే బొమ్మ కూడా 4కె అవ్వాలి. ఫుల్ హెచ్‌డీ బొమ్మ వస్తే నాలుగు చుక్కల్లో మూడింటిని టీవీ తనంతట తనే ఊహించుకుని నింపుకుంటుందట. అంటే నేను డబ్బు పోసి కొన్న చుక్కల్లో ముప్పాతిక వంతు దాని కవిత్వమే! అసలు సిసలు 4కె కావాలంటే సినిమాల యాప్‌లో పై ప్లాన్ కట్టాలి. కట్టాను. నెట్ స్పీడు పెంచుకోవాలి. పెంచుకున్నాను. అయినా రాత్రిపూట సరిగ్గా మంచి సీన్‌లో ఒక సున్నా వచ్చి గిర్రున తిరిగేది. ఆ సున్నా మాత్రం బ్రహ్మాండమైన క్లారిటీతో ఉండేది.

ఇక లాభం లేదని, ఒక అర్ధరాత్రి అందరూ పడుకున్నాక టేపు తీశాను. సోఫాలో తల ఆనేచోటి నుంచి తెర దాకా పదకొండు అడుగులు. టేపు చేతిలోంచి జారి, సర్రున వెనక్కి చుట్టుకుంటూ వచ్చి బొటనవేలి మీద కొట్టింది. అరవకుండా లెక్కకి కూర్చున్నాను.

కళ్ళ డాక్టరు దగ్గర గోడకి అక్షరాల పట్టిక ఒకటుంటుంది కదా, పైన ఏనుగంత అక్షరం, కిందికి పోయేకొద్దీ చీమలు. దాన్ని 1862లో స్నెల్లెన్ అనే డచ్ కంటి వైద్యుడు తెచ్చాడు. ఒక డిగ్రీని అరవై ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్కంత సందు దాకా మంచి కన్ను విడదీసి చూడగలదని దాని లెక్క. దాన్నే తిరగేస్తే, చుక్క వెడల్పుకి 3438 రెట్లు దూరం జరిగామంటే పక్కపక్క చుక్కలు కలిసిపోతాయి. మరీ చురుకైన కళ్ళు కొందరికి ఉంటాయి. నావి కళ్ళజోడు కళ్ళు.

నా తెర వెడల్పు 95 సెంటీమీటర్లు. దాన్ని 3840తో భాగిస్తే చుక్క పావు మిల్లీమీటరు. 3438తో గుణిస్తే 85 సెంటీమీటర్లు. సుమారు రెండడుగుల పదంగుళాలు!

ఆ దూరంలో కూర్చుంటేనే నా 83 లక్షల చుక్కలూ నాకు దక్కుతాయి. ఐదున్నర అడుగులు దాటితే ఫుల్ హెచ్‌డీకీ దీనికీ తేడా తెలియదు. ఎనిమిదిన్నర దాటితే 720 గీతల బొమ్మే, అంటే నిలువుగా 720 చుక్కలున్నదే చాలు. నేనున్నది పదకొండులో. పోనీ పదకొండడుగుల నుంచి 4కె పూర్తిగా కనబడాలంటే ఎంత టీవీ కావాలో చూశాను. 169 అంగుళాలు. వెడల్పు పన్నెండు అడుగులు దాటుతుంది. మా గోడే పదకొండు.

నిజానికి ఆ టీవీలో బాగున్నవి వేరే ఉన్నాయి. చీకటి సీన్లో నలుపు నల్లగా ఉంటుంది, ఎండ ఎండలా ఉంటుంది. అవి సోఫాలోంచి కూడా తెలుస్తాయి. కానీ చుక్కల లెక్కలో రావు కాబట్టి షాపులో నేను వాటి మొహం చూడలేదు. 55 తీసుకుని ఉంటే మాత్రం 4కె దక్కేదా అంటే, దానికీ మూడున్నర అడుగుల్లోపే ఉండాలి. కాకపోతే అమ్మకి కింద పడే అక్షరాలైనా కనబడేవి. ఈ ముక్క మా ఆవిడతో ఇంతవరకు అనలేదు.

గోడ జరగదు కాబట్టి సోఫా జరిపాను. మొదటిరోజు ఎనిమిదడుగులకి. ఎవరూ కనిపెట్టలేదు. రెండో రోజు ఆరుకి. సోఫా హాలు మధ్యకొచ్చింది, ఆ గదిలోంచి ఈ గదిలోకి రావాలంటే అందరూ పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. "ఇది ఇల్లా, బస్సా అండీ?" అంది మా ఆవిడ. మూడో రోజు మూడడుగులకి తెచ్చేశాను. మోకాళ్ళు గోడకి తగులుతున్నాయి. తెర ఈ మూల నుంచి ఆ మూలకి చూడాలంటే టెన్నిస్ మ్యాచ్‌లోలాగా తల తిప్పాలి.

"వాళ్ళు మాట్లాడుతుంటే నా మీద తుంపర్లు పడేట్టున్నాయిరా" అంది అమ్మ.

ఆ రాత్రి నీళ్ళకని లేచి, సోఫా ఎక్కడుందో మర్చిపోయి చిటికెన వేలు పగలగొట్టుకున్నాను. ఈసారి అరిచాను. మర్నాటి పొద్దున్నే సోఫా దాని పాత చోటికి వెళ్ళిపోయింది. ఎవరు జరిపారో అడిగే ధైర్యం చెయ్యలేదు.

సాయంత్రం వేలికి కట్టుతో సోఫాలో కూర్చున్నాను. మా ఏడేళ్ల బుజ్జి రోజూలాగే టీవీ ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "దూరం జరగవే, కళ్ళు పోతాయి!" అని వాళ్ళమ్మ లోపల్నుంచి కేకేసింది. అదేమాట ఏడాదిగా నేనూ రోజూ అంటున్నాను. ఎందుకో టేపు తీసి, కుంటుకుంటూ వెళ్ళి కొలిచాను.

"నన్నెందుకు కొలుస్తున్నావు నాన్నా?"

రెండడుగుల పదంగుళాలు. ఇంట్లో ఇన్నాళ్ళుగా 4కె చూస్తున్న మనిషి ఇదొక్కతే! నా డబ్బుకి న్యాయం చేస్తున్న పిల్లని పట్టుకుని జరుగు జరుగు అంటామా?

"జరగకమ్మా. అక్కడే ఉండు. అంగుళం కూడా కదలకు" అన్నాను. లోపల్నుంచి మా ఆవిడ తల బయటపెట్టి నన్ను ఒక చూపు చూసింది.

తృప్తిగా సోఫాలోకి వచ్చి, వస్తున్న బొమ్మ ఎన్ని గీతలదో చూద్దామని రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కాను. మూలన ఏవో చిన్న అక్షరాలు పడ్డాయి. కళ్ళజోడు సర్దుకున్నా అక్కణ్ణుంచి కనబడలేదు.

"బుజ్జీ, అక్కడేం పడిందో చదివి చెప్పమ్మా."

అది కార్టూన్ మీంచి చూపు కష్టంగా పక్కకి తిప్పి, ఒక్కో అంకే కూడబలుక్కుని చదివింది.

"నాలుగు... ఎనిమిది... సున్నా, నాన్నా."