ఆ పాఠం చెప్పేవాళ్లది ఏ ఊరు?

మొన్న వేసవిలో చీపురుపల్లి దగ్గర మా పెద్దమ్మ ఊరికి వెళ్లినప్పుడు ఫోన్లో ఓ వీడియో చూపించాను. పెరటి కూరగాయల మీద ఉచిత ఆన్‌లైన్ తరగతి అది. ఫీజు లేదు, పాఠాలన్నీ చూస్తే చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తారు. తెర మీద కుర్రాడు చక్కగా చెబుతున్నాడు. మడి కట్టాడు, వంగ నారు పెట్టాడు, పైన జానెడు మందాన ఎండుగడ్డి పరిచాడు. తేమ ఆరదు, కలుపు రాదు, గడ్డి కుళ్లి ఎరువవుతుంది అన్నాడు. మూడూ నిజమే.

పెద్దమ్మ కళ్లజోడు సవరించుకుని చివరిదాకా చూసింది. "అంత గడ్డీ మొక్కలకేసేత్తే గొడ్డుకేటి పెడతాడు?" అంది. కాసేపాగి, "అతగాడిదే ఊరట?" అంది.

నాకు తెలీదు. వీడియోలో ఎక్కడా చెప్పలేదు.

రైల్లో పక్క సీటాయన్ని అడిగినట్టు ఉబుసుపోక అడిగిందనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆవిడ ఒక్క మాటలో చాలా సంగతులు అడిగేసింది. నేల ఎర్రదా, ఇసకా? కాలవ నీరా, చెరువా, వానే దిక్కా? ఇంట్లో పశువులున్నాయా? పండినవి అమ్ముకోడానికి సంత ఎంత దూరం? ఊరి పేరు తెలిస్తే రైతుకు ఇవన్నీ తెలిసిపోతాయి. తెలియకపోతే వీడియో ఎంత బాగున్నా అది వేరేవాళ్ల పొలం. మా వైపు ఎర్రనేలల్లో ఎండుగడ్డి పరిస్తే కలుపు కంటే ముందు చెదలు వస్తాయి. ఆ కుర్రాడి నేలలో చెదలు లేవేమో.

ఇప్పుడు పాఠాలకు కరువు లేదు. కేంద్రం 2017లో మొదలుపెట్టిన స్వయం పోర్టల్‌లో వ్యవసాయ కోర్సులున్నాయి. కాన్పూర్ ఐఐటీ వాళ్లు వ్యవసాయానికే ప్రత్యేకంగా ఆన్‌లైన్ కోర్సులు నడిపారు. మిద్దెతోటల మీద తెలుగు వీడియోలకైతే లెక్కే లేదు. పెర్మాకల్చర్, అంటే ప్రకృతి తీరును అనుసరించే సేద్యం, నేర్పే విదేశీ తరగతులూ కొన్ని ఉచితంగానే దొరుకుతాయి. ఆ పద్ధతికి 1970లలో ఆస్ట్రేలియాలో రూపం ఇచ్చిన బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ చెప్పిన సూత్రాల్లో ముఖ్యమైనది, ముందు నీ నేలను గమనించు అన్నది. కానీ ఆ పేరుతో వచ్చే చాలా పాఠాల్లో మొదట వినిపించేది 'చివరి మంచు పడే తేదీ'. నరసన్నపేటలో దాన్ని ఏం చేసుకోవాలి? మనకు కావాల్సింది రోహిణిలో ఏం చెయ్యాలి, ఆరుద్ర కురవకపోతే ఏం చెయ్యాలి అన్నది.

ఆస్ట్రేలియా దాకా ఎందుకు, గోదావరి జిల్లాల పాఠమే ఇక్కడ సరిగ్గా అతకదు. వరినే తీసుకోండి. పాఠంలో 25 రోజుల నారు పీకి నాటమంటారు. నీరు చేతిలో ఉన్నవాళ్లకు అది మంచి మాట. వంశధార ఎడమ కాలువ శివారున, టెక్కలి, పలాస వైపు ఉన్న రైతుకు నారు తయారవుతుంది, నీరు తయారవదు. గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన నీరు చివరి మడికి చేరేసరికి నారు ముదిరిపోతుంది. అప్పుడు అతనికి కావాల్సిన పాఠం వేరు: ముదురు నారును కుదురుకు 4-5 మొక్కల చొప్పున, దగ్గర దగ్గరగా నాటాలి. ముదిరిన నారు ఎక్కువ పిలకలు వేయదు, ఆ లోటు మొక్కల సంఖ్యతో పూడ్చుకోవాలి. ఈ మాట వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నదే. ఉభాలు, అంటే వరి నాట్లు, ఆలస్యమైన ఏడాది జులై చివర్లో ఓ ఐదు నిమిషాల వీడియోగా వస్తే చాలు. 'వరి సాగు: విత్తనం నుంచి కోత దాకా' అనే గంటన్నర పాఠంలో అది ఏ మూలనో ఉంటుంది. అక్కడిదాకా చూసే ఓపిక ఎవరికుంది?

ఇక అసలు నారే పొయ్యకుండా ఎదలు జల్లేవాళ్లున్నారు. కూలి గిట్టక, వాన మీద నమ్మకం లేక పొడినేలలో విత్తనం వెదజల్లుతారు. వాళ్ల తలనొప్పి కలుపు. నాటు వేసిన మడిలో నిలబడ్డ నీరు కలుపును చాలావరకు తొక్కిపెడుతుంది. ఎద మడిలో వరితో పాటే కలుపూ మొలుస్తుంది. మొదటి మూడు నాలుగు వారాలు అదుపు తప్పితే ఆ ఏడాదికి అంతే. ఎదలు, ఉభాలు అనే మాటలు లేని వరి పాఠం శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు సగం పాఠమే. నిజానికి విత్తనానికే ఊరు పేరు పెట్టుకున్న జిల్లా మనది. రాగోలు పరిశోధన స్థానం నుంచి వచ్చిన వరి రకం పేరే 'శ్రీకాకుళం సన్నాలు'. విత్తనం విషయంలో స్థానికత అంత ముఖ్యమని ఒప్పుకున్నవాళ్లం, పాఠం విషయంలో ఎందుకు మరిచిపోతున్నాం?

ఒక్క శ్రీకాకుళం జిల్లాలోనే ఎన్ని రకాల నేలలో చూడండి. సముద్రం వైపు ఉన్న ఉద్దానంలో ఇసక నేలలు, కొబ్బరి, జీడి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చుట్టుపక్కల తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాయ చూడడానికి ఆరేడేళ్లు. ఆ ఆరేడేళ్లు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నదే అక్కడి ప్రశ్న. చిన్న మొక్కల మధ్య ఏం వేసుకోవచ్చు, ఇసక నేలలో నీరు ఎలా నిలబెట్టాలి, మిగిలిన చెట్లకు పట్టిన సర్పిలాకార తెల్లదోమను ఏం చెయ్యాలి. ఈ తెల్లదోమ మన దేశంలో 2016లో బయటపడింది. దీనికి మందులు కొట్టుకుంటూ పోతే దాన్ని తినే ఎన్‌కార్సియా అనే మిత్రపురుగు చచ్చిపోతుంది. కొట్టకుండా ఆగడం కూడా ఒక విద్యే, దాన్ని ఎవరో ఒకరు పక్కన నిలబడి నేర్పాలి. ఇంకో సంగతి. ఏ గార్డెనింగ్ తరగతిలోనూ ఎలుగుబంటి గురించి చెప్పగా నేను వినలేదు. వజ్రపుకొత్తూరు, మందస వైపు జీడితోటకు తెల్లవారుజామున ఒంటరిగా వెళ్లకూడదన్నది అక్కడి గ్రామీణ జీవన పాఠాల్లో మొదటిది.

అలాగని ఊరు లేని పాఠాలన్నీ పనికిరావని కాదు. మట్టి నమూనా ఎక్కడైనా ఒకేలా తీస్తారు. పైన చెత్త తీసేసి, వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, దాని అంచు నుంచి మట్టి గీకి తీయాలి. మందు కొట్టేటప్పుడు గాలివాటం చూసుకోవడం ఇచ్ఛాపురంలోనైనా అనంతపురంలోనైనా ఒకటే. ఇలాంటివి ఎవరు చెప్పినా వినవచ్చు. గొడవంతా నీరు, నేల, వాన, పశువు, డబ్బు కలిసే చోట వస్తుంది. సేద్యంలో ఎక్కువ భాగం అదే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి మా బావ కథ చెప్పాలి. ఓ ఉచిత ఆన్‌లైన్ తరగతిలో శ్రీగంధం గురించి విన్నాడు. మూడు ఆదివారాలు, రాత్రి పూట, అంతా ఉచితం. మూడో ఆదివారం చివర్లో మొక్కల ధరల పట్టిక వచ్చింది. రెండు వందల మొక్కలు తెప్పించుకున్నాడు. పాఠంలో అబద్ధమేమీ లేదు. శ్రీగంధం వేరు పక్క మొక్క వేరును పట్టుకుని బతుకుతుందని, మొదట్లో తోడుగా కంది వెయ్యాలని వాళ్లు చెప్పారు, ఈయన వేశాడు. కానీ కోతలయ్యాక మా వైపు పశువులను, మేకలను పొలాల మీద వదిలేస్తారు. ఎవరి మేకలు ఎవరి చేలోకి వచ్చాయన్న లెక్క ఉండదు. కంది మొత్తం మేకలు తినేశాయి. తోడు పోయింది, వేసవి వచ్చింది, రెండో ఏడు తిరిగేసరికి ముప్ఫై మొక్కలు మిగిలాయి. కంచె ఖర్చు ఆ పాఠంలో లేదు. బావని అడిగితే, "క్లాసు ఫ్రీయే మరి" అంటాడు.

ఉచితానికి ఇంకో ఖరీదు వేళ. చాలా తరగతులు పొద్దున పదకొండింటికో, మధ్యాహ్నం మూడింటికో పెడతారు. చెప్పేవాళ్లకు అది ఆఫీసు టైమ్. ఆ వేళకు ఉభాల కాలంలో మా ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో ఉంటారు. ఇంట్లో ఒక్కటే స్మార్ట్ ఫోనుంటే అది మగవాళ్ల జేబులో ఉంటుంది. అందుకే ఈ తరగతుల్లో మన జిల్లాల పేర్లతో కనిపించేవాళ్లు చాలామంది విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటున్న మనవాళ్లే. కూకట్‌పల్లి బాల్కనీలో కరివేపాకు పెంచుకునే పాలకొండ ఆయన్ని నేను తప్పుపట్టను. ఊరి మీద బెంగ అలా తీర్చుకుంటాడు. కాకపోతే ఆయన చూసిన దాన్ని ఊళ్లో రైతులు చూసినట్టు లెక్క వేసుకోకూడదు.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్యేమీ కాదు. 1956లో పుణె చుట్టుపక్కల పల్లెల్లో ఆకాశవాణి, యునెస్కో కలిసి రేడియో గ్రామీణ వేదికలు నడిపాయి. పల్లెలో కొంతమంది ఒకచోట కూర్చుని కార్యక్రమం వినేవాళ్లు, అయ్యాక దాని మీద వాదించుకునేవాళ్లు, సందేహాలు రాసి రేడియో వాళ్లకు పంపేవాళ్లు. విను, చర్చించు, ఆచరించు అన్నది వాళ్ల సూత్రం. రేడియో ఒక వైపే మాట్లాడే యంత్రమని వాళ్లకు తెలుసు, అందుకే రెండో వైపు మనుషులను పెట్టారు. తర్వాత మన దగ్గర పొలంబడి వచ్చింది. పంటకాలం పొడుగునా వారం వారం రైతులు ఒక మడి దగ్గర చేరి, మొక్క మొక్కకీ శత్రుపురుగులు, మిత్రపురుగులు లెక్కపెట్టి, మందు కొట్టాలా వద్దా అని వాళ్లే తేల్చుకునే పద్ధతి. 2006లో బెంగళూరులో పరిశోధనగా మొదలైన డిజిటల్ గ్రీన్ ఇంకో మెట్టు ఎక్కింది. స్థానిక రైతులతోనే చిన్న వీడియోలు తీసి, చేతిలో పట్టే ప్రొజెక్టర్‌తో ఊళ్లో గుంపుకు చూపించడం, మధ్యలో ఆపి మాట్లాడించడం. అది చేసినవాళ్లు గమనించిన మాట ఒకటుంది: జనం మొదట అడిగేది తెర మీది రైతు పేరు, ఊరు. మా పెద్దమ్మ ఆ సంస్థ పేరు కూడా వినలేదు.

2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి సేద్యంలోనూ నిలబడిన భాగం ఇదే అని నా అభిప్రాయం. ద్రవ జీవామృతం కొలతలు ఎవరైనా చెబుతారు: 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, 5-10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, 48 గంటలు. ఇది ఫోన్లో అర నిమిషం పాఠం. కానీ డ్రమ్ములో మూడో రోజు వచ్చే వాసన పులిసిన వాసనా, చెడిపోయిన వాసనా అని చెప్పడానికి పక్క వీధిలో ఒక మనిషి కావాలి. స్వయంగా సాగు చేస్తూ పక్కవాళ్లకు నేర్పే ఐసీఆర్పీలు చేసేది ఆ పనే. ఇంట్లో ఆవు లేనివాళ్లు పేడ ఎవరి దగ్గర తెచ్చుకోవాలో కూడా వాళ్లే చెప్పగలరు.

కాబట్టి మన రెండు జిల్లాలకు కొత్త యాప్ కంటే ఒక వేళ, ఒక గది కావాలి. గదులున్నాయి. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలైన వాటిలో టీవీలు పెట్టారు. వేళ రాత్రి ఎనిమిది. చెప్పేవాళ్లకూ కొదవ లేదు: ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, నైర వ్యవసాయ కళాశాల ఉంది, అక్కడి విద్యార్థుల చేతుల్లో ఫోన్లున్నాయి. కార్తెకో పాఠం, పది నిమిషాలకు మించకుండా, మొదటి వాక్యంలోనే ఊరు, నేల, నీటి వసతి చెప్పి. నాదో చిన్న షరతు, నాలుగు పాఠాల్లో ఒకటి చెడిపోయిన పంట గురించి ఉండాలి. మా బావ దానికి రెడీగా ఉన్నాడు, ఫీజు కూడా అడగడు.

జులైలో మళ్లీ పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. పెరట్లో నాలుగు బెండ సాళ్లున్నాయి. రెండు సాళ్లకు ఎండుగడ్డి బదులు కానుగాకు, వేపాకు పరిచింది. రెండు ఉత్తగా వదిలేసింది. జూన్ ఎండకు ఆకు వేసిన సాళ్లు పచ్చగా నిలిచాయట. వానలు పట్టాక ఆ ఆకుల కింద నత్తలు చేరాయి, లేత మొక్కలు కొరికేశాయి. ఇప్పుడు ఆకు మొత్తం గట్టు మీదికి లాగేసి, రాత్రిళ్లు ఫోన్ లైటు వేసుకుని నత్తలు ఏరుతోంది. నేను ఫోన్ తీసి వీడియో మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు ఊరు పేరు సెప్పు. ఆనక నత్తలు సూపించు."