మంచులో పొయ్యి మన పెద్దవాళ్లకి అప్పజెప్పండి

నెల్లూరు జిల్లా అల్లూరులో మా పెరటి వసారాలో కూర్చుని ఇది రాస్తున్నాను. కార్తీకం, మూడు రోజులుగా ముసురు. మా జిల్లాలో పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కాబట్టి తడిలో పొయ్యి రాజేయడం ఇక్కడి ఆడవాళ్లకి కొత్త కాదు. ఇంట్లో గ్యాస్ ఉన్నా నీళ్లు కాచడానికి అమ్మకి కట్టెల పొయ్యే కావాలి. ఇందాకే తడి నేల మీద ఇటుకలు పరిచి, లావు సరుగుడు కట్టెని గొడ్డలితో నిలువునా చీల్చి, లోపలి పొడి చెక్కతో మంట అందించింది.

పోయిన జనవరిలో, అమెరికాలో మేముండే మిషిగన్‌లో నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి పార్కుకి వెళ్లినప్పుడు నాకు ఇదే తట్టలేదు. అడుగు మందం మంచు మీదే కట్టెలు పేర్చి అంటించాను, బాగానే మండింది, అరగంట తిరిగేసరికి కింద మంచు కరిగి కట్టెలన్నీ గుంటలోకి దిగబడి, అన్నం సగం ఉడికి ఉండగానే చుయ్‌మని ఆరిపోయాయి. కార్లో కూర్చున్న అమ్మ దిగొచ్చి, "నీళ్ల మీద ఎవరైనా పొయ్యి పెడతారంట్రా?" అంది. నేల కనపడేదాకా తవ్వించింది. పార్కువాళ్లు పొయ్యికని పెట్టిన ఇనప చట్రం అక్కడే, మంచు కింద ఉంది! అందులో లావు దుంగలు పక్కపక్కన పరిచి, వాటి మీద చీల్చిన కట్టెలు పెట్టించింది. ఇక ఆరలేదు.

నీళ్ల సంగతీ చెప్పాలి. గిన్నె నిండా ఉత్త మంచు కుక్కి పొయ్యి మీద పెడితే అడుగు మాడుతుంది. ముందు కాసిని నీళ్లు పోసి, అవి కాగాక మంచు కొంచెం కొంచెంగా వేయాలి. కొత్తగా పడిన మంచైతే పది గిన్నెలకి దాదాపు ఒక గిన్నె నీళ్లే వస్తాయి, అందుకని ఎసరుకి వేడినీళ్లు ఇంటినుంచే ఫ్లాస్కుల్లో తీసుకెళ్లడం మేలు. చేపల పులుసు కూడా ముందురోజే వండుకోండి, ఎటూ మర్నాటికే దానికి రుచి. ఆ రోజు గడ్డకట్టిన పులుసు సెగకి అంచుల్లో వదులై, ఎర్రటి నూనె పైకి తేలి, మామిడికాయ పులుపు వాసన కొట్టేసరికి పిల్లలందరూ మంచు మీద జారే స్లెడ్లు వదిలేసి పొయ్యి చుట్టూ చేరారు.

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో అమ్మానాన్నలు వస్తే, చలికి తట్టుకోలేరని మనం నెలల తరబడి ఇంట్లోనే కూర్చోబెడుతున్నాం. అది నాకు నచ్చడం లేదు. అమ్మ మనవడికి కట్టె ఎట్లా చీల్చాలో చూపిస్తున్నప్పుడు ఆమె ముఖం చూశాను. చలికాలమంతా టీవీ ముందు కూర్చున్న మనిషేనా అనిపించింది. ఉన్ని శాలువా, మంచి బూట్లు ఇచ్చి మంట దగ్గర కుర్చీ వేస్తే చాలు. కొంగు మాత్రం దోపుకోమనండి. కట్టెలు పార్కు దగ్గర్లోనే కొనండి, 2002లో మిషిగన్‌లో బయటపడ్డ, ఆష్ అనే చెట్లని చంపే పురుగు (ఎమరాల్డ్ ఆష్ బోరర్) ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకింది ఎక్కువగా కట్టెలతోనే. చలేస్తోందని నిప్పుల్ని గుడారంలోకి మాత్రం తీసుకెళ్లొద్దు, వాటి నుంచి వచ్చే విషవాయువుకి ప్రాణాలు పోతాయి.

ఈ జనవరిలో మన తెలుగువాళ్ల కార్యక్రమానికి హాలు, కేటరింగ్ ట్రేలు బుక్ చేసేముందు మన సంఘం కమిటీవాళ్లు ఒక్క శనివారం పార్కుకి ఇవ్వండి. అమ్మ టికెట్ తీశాను, పొయ్యి ఆమె చూసుకుంటుంది.