తెలుగులో సాక్ష్యం స్వీకరించాలి

బిల్లులను పరిశీలించే పార్లమెంటు కమిటీకి ఒక బిల్లు చేరితే సాధారణంగా పత్రికల్లో ఒక చిన్న ప్రకటన వస్తుంది. అభిప్రాయాలు ఇంగ్లిషులోగానీ హిందీలోగానీ రెండు ప్రతులు పంపాలని, గడువు చాలాసార్లు 15 రోజులేనని దాని సారాంశం. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడికి, గుంటూరు మిర్చి రైతుకు తలుపు అక్కడే మూసుకుంటోంది. బిల్లు ప్రతి సంపాదించి, చదివించుకుని, తన మాటను ఇంగ్లిషులో రాయించేసరికి గడువు దాటిపోతుంది. లోక్‌సభలో సభ్యులు తెలుగులో మాట్లాడితే అప్పటికప్పుడు అనువాదం అందుతోంది. పౌరుడి వినతికి మాత్రం ఆ వసతి ఎందుకు ఉండకూడదు? గడువు కనీసం నెల రోజులు ఇవ్వాలి. తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నింటినీ అనుమతించాలి.

ఈలోగా, పంపే పత్రం క్లాజుల (బిల్లులోని ఒక్కో నిబంధన) వారీగా ఉంటేనే పని జరుగుతుంది. వచ్చిన సూచనలపై కమిటీ సంబంధిత మంత్రిత్వశాఖ వివరణ కోరుతుంది. ‘ఈ బిల్లు మా పొట్ట కొడుతుంది’ అని పది పేజీలు రాస్తే శాఖ ఒక్క ముక్కలో దాటేస్తుంది. ‘ఫలానా ఉపక్లాజులో ఈ పదం తీసేయాలి, దాని బదులు ఈ వాక్యం పెట్టాలి, కారణం ఇదీ’ అని రాస్తే అవుననో కాదనో చెప్పక తప్పదు. ఒకే నమూనా లేఖను వేలమంది పంపినా అది ఒక్క వాదనే. స్వయంగా హాజరై సాక్ష్యం చెప్పదలిస్తే ఆ సంగతి పత్రంలోనే రాయాలి. పిలవాలో వద్దో తేల్చేది కమిటీయే.

సమావేశాలు ఆంతరంగికం. ఛైర్మన్ ముందు ప్రశ్నిస్తారు, తర్వాత సభ్యులు. ప్రతి మాటా నమోదవుతుంది కాబట్టి తెలియని అంకెను ఊహించి చెప్పడం ప్రమాదం. రాతపూర్వకంగా పంపుతామని అనుమతి కోరడం మేలు. ఇంకో చిక్కుంది. కమిటీకి ఇచ్చిన పత్రాన్ని ముందే వాట్సాప్‌లో తిప్పితే సభాహక్కుల ఉల్లంఘన కిందికి వస్తుంది. ఉత్సాహవంతులు బోల్తాపడేది ఇక్కడే.

అసలు బిల్లులు కమిటీకి వెళ్తేనే కదా ఇదంతా! 15వ లోక్‌సభలో (2009-14) 71 శాతం బిల్లులు వెళ్లాయి. 17వ లోక్‌సభలో (2019-24) 16 శాతమే. 2020 నాటి సాగు చట్టాలు ఏ కమిటీ గడపా తొక్కలేదు. రైతులు ఏడాదిపాటు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నాకగానీ రద్దు కాలేదు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఛైర్మన్ మూడు రాజధానుల బిల్లును, దాని పరిశీలనకే ఏర్పరచే సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్లు ప్రకటించారు. ఆ కమిటీ ఏర్పడనే లేదు. అమరావతి రైతుకైనా, విశాఖ వాసికైనా, కర్నూలు వాసికైనా దాని ముందు నోరు విప్పే అవకాశం దక్కలేదు.

రెండు తెలుగు శాసనసభలూ భూమి, సాగునీరు, విద్యలకు సంబంధించిన ప్రతి ప్రధాన బిల్లునూ కమిటీకి పంపాలి. ముసాయిదాను తెలుగులో ప్రచురించి, జిల్లా కేంద్రాల్లో సాక్ష్యాలు వినాలి. ఇక్కడ అనువాదం సాకు కూడా లేదు.