‘బాగుంది’ అనే మాటని నిషేధించాలి

స్టిల్ లైఫ్ ఫొటోని, అంటే కదలని వస్తువుల్ని పేర్చి తీసే ఫొటోని, పోటీకి పంపే ముందు నలుగురికీ చూపించి అభిప్రాయం అడగాలని పెద్దలంటారు. ఆ నలుగురూ ఎవరన్నది మాత్రం చెప్పరు. నేను ఇంట్లో ముగ్గుర్నీ, ఆఫీసులో ఒకాయన్నీ పట్టుకున్నాను. నలుగురూ ‘బాగుంది’ అన్నారు. ఆ ఫొటోకి నేను షట్టర్ తెరిచి ఉంచింది నాలుగు సెకన్లు. నలుగురూ కలిసి దాన్ని చూసింది అంతకంటే తక్కువే.

అందుకే దేశ క్షేమం దృష్ట్యా ఆ మాటని వాడుక లోంచి తీసేయాలని ప్రతిపాదిస్తున్నాను. మొదటిసారి అన్నవాళ్ళని మందలించి వదిలేయవచ్చు. ‘చాలా బాగుంది’ అన్నవాళ్ళకి బెయిలు ఇవ్వకూడదు.

పెళ్ళికూతురి ఫొటో చూసి ముక్కు వంకరగా పడిందని ఎవరూ అనలేరు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. కానీ నా ఫొటోలో ఉన్నవి ఒక స్టీలు కూజా, రెండు నిమ్మకాయలు, ఇస్త్రీ చేసి మళ్ళీ శ్రద్ధగా ముడతలు పెట్టిన ఒక బట్ట. వీటిలో ఏదీ అలిగి అన్నం మానేయదు. ఫ్రెంచివాళ్ళు ఈ రకం చిత్రాన్ని ‘చచ్చిన ప్రకృతి’ అనే పిలుస్తారు. చచ్చినవాటి దగ్గర మొహమాటం ఏమిటి? ఆ మర్యాదంతా నిమ్మకాయలకి కాదు, నాకు జరుగుతోందని అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

ఎడ్వర్డ్ వెస్టన్ అనే ఫొటోగ్రాఫర్ 1930లో క్యాప్సికంల వెంట పడ్డాడు. ఒకదాన్ని రేకు గరాటులో కూర్చోబెట్టి తీసిన ఫొటో ఇప్పటికీ ప్రసిద్ధం. దాని నంబరు 30. ఒకటో నంబరు తీసినప్పుడే మా ఆఫీసాయన పక్కనుండి ఉంటే కథ అక్కడితో ముగిసేది, ఆ క్యాప్సికం కూరలోకి పోయేది.

ఇక లాభం లేదని ఆఫీసాయన దగ్గరే ఒక ఎత్తు వేశాను. అదే ఫొటోని రెండు రోజులాగి మళ్ళీ చూపించి, “ఇది నాది కాదు సార్, పోటీలో నాకు అడ్డొస్తున్నవాడిది” అన్నాను. ఆయనకి అది అదే ఫొటో అని గుర్తు కూడా రాలేదు. అంతే, పూనకం వచ్చింది. వెలుగు చచ్చిందన్నాడు. నిమ్మకాయలు మరీ పచ్చగా ఉన్నాయన్నాడు. నీడలు బొగ్గులా ఉన్నాయన్నాడు (ఫోన్లో బ్రైట్‌నెస్ అడుక్కి దించి చూస్తే పున్నమి వెన్నెలైనా బొగ్గే). కూజాలో ఆత్మ లేదన్నాడు. నేను ఆనందంగా అన్నీ రాసుకున్నాను. రాత్రి పడుకున్నాక వెలిగింది: ఇదీ మొహమాటమే. మొన్న పొగిడి సంతోషపెట్టాడు, ఇవాళ తిట్టి సంతోషపెట్టాడు. ఫొటో వైపు రెండుసార్లూ చూడలేదు. యథార్థవాది లోకవిరోధి అంటారు గానీ, ఆ మనిషికి లోకంలో ఒక్క విరోధి లేడు.

గడువుకి ముందు రోజు సాయంత్రం, విసుగులో, మా ఆవిడని వేరే ప్రశ్న అడిగాను. “బాగుందా లేదా వదిలెయ్. చూడగానే ముందు నీ కన్ను ఎక్కడికి పోయింది?”

“కూజా పొట్ట మీదికి” అంది. “అక్కడ బనియనేసుకుని ఎవరో నిలబడ్డారు కదండీ.”

పెద్దది చేసి చూశాను. మెరిసే లోహం ఎదురుగా ఏముంటే దాన్ని చూపిస్తుంది. ఎదురుగా నేనున్నాను. నీడ వైపు వెలుగు కొట్టడానికి థర్మోకోల్ షీటు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, లొంగిపోయిన దొంగలా, కూజా వంపుకి పొట్ట ఇంకాస్త ముందుకొచ్చి మరీ నిలబడ్డాను.

“మరి ఆ రోజే చెప్పొచ్చు కదా!”

“బాగుందా అనడిగారు, బాగుందన్నాను. బనియనుందా అనడిగితే ఉందని చెప్పేదాన్ని.”

మళ్ళీ తీయడానికి వెలుగు లేదు. నిమ్మకాయలు ఎప్పుడో పిండేశారు. అప్పుడు చదువు అక్కరకొచ్చింది. క్లారా పీటర్స్ అనే చిత్రకారిణి 1611లో వేసిన ఒక స్టిల్ లైఫ్‌లో బంగారు పూత పూసిన పాత్ర మీది బుడిపెల్లో తన ముఖాన్నే చిన్నచిన్నగా, కావాలనే వేసుకుంది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా జనం దాన్ని మెచ్చుకుంటున్నారు. నేను కూడా కావాలనే పెట్టానని, ఇదొక సంప్రదాయమని వివరణ రాసి పంపేద్దామని మా ఆవిడతో అన్నాను.

ఆమె ఆ పెయింటింగు కూడా చూపించమంది. ఈసారి నాలుగు సెకన్లు కాదు, చాలాసేపు చూసింది.

“ఈవిడ శుభ్రంగా బట్టలు వేసుకునుందండీ.”