శాంక్చురీ అంటే లక్ష్మణరేఖ కాదు బాబాయ్

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదట ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ల గ్రూపులో, తర్వాత గుడి వాలంటీర్ల గ్రూపులో, ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్ల క్యారమ్స్ గ్రూపులో. నాలుగోసారి ఖమ్మం నుంచి మా బాబాయ్ పంపాడు, కింద "నువ్వు కూడా షికాగో వైపు ఏదన్నా చూసుకోరాదురా" అని ఒక ముక్క తగిలించి. నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మొదటి మూడుసార్లూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. బాబాయ్‌కి జవాబివ్వకపోతే అర్ధరాత్రి ఫోన్ వస్తుంది కాబట్టి ఇది రాస్తున్నాను.

"అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు అత్యవసర గమనిక" అని మొదలవుతుంది. మూడు ఎర్ర సైరన్ల తర్వాత ఏడు పాయింట్లు. ఒకటి, కాలిఫోర్నియా, ఇల్లినాయిస్ లాంటి శాంక్చురీ రాష్ట్రాల్లోకి (ఇమ్మిగ్రేషన్ పనికి తమ పోలీసుల్ని ఇవ్వం అనే రాష్ట్రాలు) అక్కడి ప్రభుత్వం అనుమతి లేకుండా ఐస్ వాళ్లు (కేంద్ర ఇమ్మిగ్రేషన్ పోలీసులు) అడుగు పెట్టలేరు, మన పిల్లలు వెంటనే అక్కడికి మారిపోవాలి. రెండు, ఆ రాష్ట్రాలు చేస్తున్నది రాజద్రోహం, ఏ రోజైనా అక్కడ రాష్ట్రపతి పాలన వస్తుంది. మూడు, పోలీసులు ఎవరినీ పేపర్లు అడగకూడదని 2012లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. నాలుగు, టెక్సాస్‌లో ఎస్‌బీ 4 చట్టం కింద స్పీడింగ్‌కి ఆపినా నేరుగా మెక్సికో పంపేస్తారు. ఐదు, ఐస్ వాళ్లు వారెంట్ చూపిస్తే తలుపు తీయాల్సిందే. ఆరు, ఇండియన్ కాన్సులేట్ కార్డు జేబులో ఉంటే ముట్టుకోరు. ఏడు, 18 ఏళ్లు దాటినవాళ్లు పేపర్లు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి.

రాష్ట్రపతి పాలన రాబోతున్న రాష్ట్రానికి పిల్లల్ని వెంటనే పంపమంటున్నాడు, గమనించారా? పోనీలెండి.

ఆరోది ముందు పక్కన పెట్టేద్దాం. కాన్సులేట్ ఇచ్చే ఏ కాగితమూ మామూలు వీసాదారుకి రక్షాకవచం కాదు. అలాంటి కార్డు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బులడిగితే నంబర్ బ్లాక్ చేయండి.

ఐదోది వారెంట్ ఎవరిచ్చారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఐస్ దగ్గర సాధారణంగా ఉండేది ఐ-200 అనే కాగితం. దాని మీద సంతకం ఐస్ అధికారిదే, జడ్జిది కాదు. అరెస్టుకి అది చాలు గానీ, ఇంటివాళ్లు ఒప్పుకోకుండా లోపలికి రావడానికి చాలదన్నది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఫైనల్ రిమూవల్ ఆర్డర్ (దేశం విడిచి వెళ్లాలన్న తుది ఆదేశం) ఉన్నవాళ్ల విషయంలో తమ కాగితం కూడా చాలునని ఐస్ ఈమధ్య వాదిస్తోంది. ఆ కాగితాన్ని తలుపు కింద నుంచి తోయమని చెప్పి, దాని మీద కోర్టు పేరు, జడ్జి సంతకం ఉన్నాయేమో చూసుకోండి.

ఇక మొదటి పాయింట్. నేను ఓపిక పట్టలేనిది దీని దగ్గరే.

గుడి గ్రూపులో ఈ మెసేజ్ చూసి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మాస్టర్స్ రెండో సెమిస్టర్. "అన్నా, కాలిఫోర్నియాకి ట్రాన్స్‌ఫర్ పెడుతున్నా, కొత్త కాలేజీ వాళ్ల ఐ-20 వీసా కాగితం కూడా అడిగేశా" అన్నాడు. లీజు మధ్యలో వదిలేస్తే రెండు నెలల అద్దె పోతుందట, దానికీ సిద్ధం. ఏమైందిరా అంటే కాసేపు నసిగి చెప్పాడు. పోయినేడాది ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేశాడు. పట్టుకున్నారు. కేసు తర్వాత కొట్టేశారు. "అక్కడికి వెళ్తే ఇది వాళ్లకి కనపడదు కదన్నా?"

వేలిముద్రలు తీసుకున్నారా అని అడిగాను. తీసుకున్నారట. సిరా పూసి కాదు, గాజు పలక మీద ఒక్కో వేలూ దొర్లించి, స్క్రీన్ మీద పచ్చ గుర్తు పడేదాకా.

ఆ పచ్చ గుర్తు పడ్డాక ఏం జరుగుతుందో ఆ మెసేజ్ రాసినాయన ఒక్కసారి తెలుసుకుని ఉంటే బాగుండేది. లోకల్ జైలు నుంచి ఆ ముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్తాయి, అక్కడి నుంచి వాటంతటవే ఐస్ పైనున్న హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖకి. డాలస్‌లో ఇంతే, లాస్ ఏంజెలిస్‌లో ఇంతే, షికాగోలోనూ ఇంతే. నిజానికి దీన్నుంచి తప్పుకోవాలని 2011 మేలో ఇల్లినాయిస్ గవర్నర్ ప్రయత్నించాడు, ఒప్పందం రద్దు చేసుకుంటున్నాం అన్నాడు. ఆగస్టుకల్లా ఐస్ ఏం చేసిందంటే, రాష్ట్రాలతో ఉన్న ఆ ఒప్పందాలన్నీ తనే రద్దు చేసింది. అసలు మీ సంతకమే మాకు అక్కర్లేదు పొమ్మంది. బాబాయ్ నన్ను పొమ్మంటున్న రాష్ట్రం కథ ఇది.

2025 వసంతంలో ఏమైందో గుర్తుందిగా? విదేశీ విద్యార్థుల పేర్లు దాదాపు 13 లక్షలు తీసుకెళ్లి ఎఫ్‌బీఐ నేర రికార్డులతో పోల్చి చూశామని, సుమారు 6,400 హిట్లు వచ్చాయని ప్రభుత్వ అధికారులే కోర్టులో చెప్పారు. వేలమంది సెవిస్ (విదేశీ విద్యార్థుల కేంద్ర డేటాబేస్) రికార్డులు రాత్రికి రాత్రి మూసేశారు. అందులో కొట్టేసిన కేసులున్నాయి, ట్రాఫిక్ కేసులున్నాయి. ఏ రాష్ట్రంలో చదువుతున్నావని కంప్యూటర్ అడగలేదు. పిల్లలు కోర్టులకెక్కితే ఏప్రిల్ నెలాఖరుకి మళ్లీ తెరిచారు. తాగి బండి నడిపి దొరికితే కోర్టు తీర్పుతో పని లేకుండానే వీసా స్టాంపింగ్ రద్దు చేసే పద్ధతి 2015 నుంచీ ఉంది, దానికీ రాష్ట్రంతో సంబంధం లేదు. ఇంకా వెనక్కి వెళ్తే వీసా మోసం కేసులో మూతపడ్డ ట్రైవ్యాలీ యూనివర్సిటీ ఉంది. 2011లో మన పిల్లల కాళ్లకి రేడియో కాలర్లు కట్టింది కాలిఫోర్నియాలోనే.

"అడుగు పెట్టలేరు" అన్న మాట చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. 2025 జూన్‌లో లాస్ ఏంజెలిస్ వీధుల్లో దాడులు చేసింది ఎవరు, తిరుపతి దేవస్థానం వాళ్లా? సెప్టెంబరులో షికాగో మీదికి వచ్చిందెవరు? అదే నెలాఖరులో సౌత్ షోర్‌లో హెలికాప్టర్లతో వచ్చి అర్ధరాత్రి ఒక అపార్ట్‌మెంట్ మొత్తాన్ని చుట్టుముట్టినప్పుడు గవర్నర్ అనుమతిచ్చాడా? కేంద్రం పంపిన నేషనల్ గార్డ్ సైనికుల విషయంలో ఇల్లినాయిస్ కోర్టుకెళ్లింది. డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా కేంద్రానికి అడ్డు చెప్పింది. ఆ ఆర్డర్ సైనికుల గురించి, ఐస్ గురించి కాదు.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది, మన సీబీఐ నుంచి. 2018 నవంబరులో చంద్రబాబు ప్రభుత్వం సీబీఐకి సాధారణ సమ్మతి వెనక్కి తీసుకుంది, మరుసటి ఏడాది జగన్ వచ్చాక తిరిగి ఇచ్చారు. 2022లో తెలంగాణ కూడా తీసేసింది. సమ్మతి లేకపోతే సీబీఐ రాష్ట్రంలోకి మామూలుగా రాలేదు, సీబీఐకి అధికారమిచ్చే ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం అలా ఉంది కాబట్టి. మనవాళ్లు అదే తీసుకొచ్చి ఇక్కడ అతికించారు. ఐస్‌కి ఎవరి సమ్మతీ అక్కర్లేదు. శాంక్చురీ రాష్ట్రం అనగలిగేది ఒక్కటే: మా పోలీసులు, మా జైళ్లు, మా డబ్బు మీ పనికి వాడం. చెయ్యి వెయ్యను అనొచ్చు, వాళ్ల చెయ్యి పట్టుకోకూడదు. మిల్వాకీలో ఒక కౌంటీ జడ్జి తన కోర్టుకి వచ్చిన మనిషిని ఐస్ కంటపడకుండా పక్క తలుపు నుంచి పంపించిందని 2025 ఏప్రిల్‌లో అరెస్టు చేశారు, డిసెంబరులో జ్యూరీ దోషి అంది. జడ్జికే అలా అయితే మిగతావాళ్లు ఏపాటి?

ఇక్కడ ఆ మెసేజ్‌కి ఒక అర మార్కు వేయాలి, వేయకపోతే నేనూ అబద్ధం చెప్పినట్టే. చిన్న కేసులో లోకల్ జైల్లో పడిన మనిషిని మరో 48 గంటలు ఆపి ఉంచమని ఐస్ పంపే కాగితం ఒకటుంది, డిటైనర్ అంటారు. అది ఆర్డర్ కాదు, రిక్వెస్ట్ అని 2014లో ఫెడరల్ అప్పీల్ కోర్టే చెప్పింది. షికాగోలో ఆ రిక్వెస్ట్‌ని పక్కన పడేసి మనిషిని బయటికి వదులుతారు. మా టెక్సాస్‌లో వదలరు. ఆ రాత్రి జైలు గేటు దగ్గర కారులో కూర్చున్న బంధువుకి ఇది చిన్న తేడా ఏం కాదు. కానీ ఇది జైల్లో పడ్డాక ఉండే తేడా. దీనికోసం సెమిస్టర్ మధ్యలో కాలేజీ మారతారా ఎవరైనా?

రెండో పాయింట్, రాజద్రోహం. మన రాజ్యాంగంలో 256వ అధికరణం ఉంది, పార్లమెంటు చట్టాలను రాష్ట్రాలు అమలు చేసి తీరాలి, కేంద్రం ఆదేశాలివ్వొచ్చు. వినకపోతే 356 ఉండనే ఉంది. ఇక్కడ ఆ రెండూ లేవు. గవర్నర్ అనగానే మనకి 1984లో ఎన్టీఆర్‌ని దించేసిన రామ్‌లాల్ గుర్తొస్తాడు గానీ, ఇక్కడి గవర్నర్ ఓట్లతో గెలిచినవాడు, మన ముఖ్యమంత్రి లాంటివాడు. వాషింగ్టన్ నుంచి ఫోన్ చేసి దిగిపొమ్మనడానికి లేదు. కేంద్ర చట్టం అమలు చేయమని రాష్ట్ర అధికారుల్ని కేంద్రం ఆదేశించకూడదని 1997లో ప్రింట్జ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాసింది ఎవరో ఉదారవాది కాదు, పక్కా సంప్రదాయవాది జస్టిస్ స్కాలియా. కేసు దేని మీదో తెలుసా? తుపాకులు కొనేవాళ్ల వివరాలు మేం తనిఖీ చేయం అని మొండికేసిన షెరీఫ్‌ల మీద. తుపాకీ షెరీఫ్‌లు తవ్వుకున్న బావిలోనే ఇప్పుడు శాంక్చురీ రాష్ట్రాలు నీళ్లు తోడుకుంటున్నాయి. ఇల్లినాయిస్‌ని శాంక్చురీగా చేసిన ట్రస్ట్ చట్టం మీద 2017లో సంతకం చేసిన గవర్నర్ కూడా రిపబ్లికనే. ఆ చట్టం మీద కేంద్రం వేసిన దావాను 2025 జూలైలో ఫెడరల్ జడ్జి కొట్టేశారు. రాజద్రోహం ఎక్కడుందో చూపిస్తే మేమూ చూస్తాం.

నాలుగోది చదివి మా ఆవిడ నిజంగానే భయపడింది. ఎస్‌బీ 4 పేరుతో టెక్సాస్‌లో రెండు చట్టాలున్నాయి, మెసేజ్ రెండింటినీ కలిపి పులుసు పెట్టింది. 2017 నాటిది శాంక్చురీ నగరాలను నిషేధించింది, పోలీసు ఆపినప్పుడు ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడిగే వీలిచ్చింది. 2023 డిసెంబరులో సంతకమైనది వేరే: చెక్‌పోస్టు దాటకుండా పరాయి దేశం నుంచి టెక్సాస్‌లోకి దూరితే రాష్ట్ర నేరం, రాష్ట్ర జడ్జి మెక్సికో వెళ్లిపొమ్మని ఆర్డర్ వేయొచ్చు. డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో వేలిముద్రలిచ్చి, స్టాంపు వేయించుకుని దిగినవాడు నది ఈదలేదు కదా! దీని కోర్టు కథ మాత్రం సీరియల్‌లా నడిచింది. 2024 మార్చి 19 మధ్యాహ్నం సుప్రీంకోర్టు అమలు కానివ్వండి అంది, అదే రాత్రి అప్పీల్ కోర్టు మళ్లీ ఆపింది. ఆ కొన్ని గంటలు మా ఆఫీసులో ఎవరూ పని చేయలేదు. 2025 మార్చిలో కేంద్రమే తన కేసు వెనక్కి తీసుకుంది. అంటే రాష్ట్రమూ కేంద్రమూ ఎప్పుడూ కొట్టుకుంటాయని కూడా లేదు, వాషింగ్టన్‌లో ఎవరున్నారన్న దాన్నిబట్టి.

మూడోది సగం చదివి రాసింది. అరిజోనా 2010లో తెచ్చిన ఎస్‌బీ 1070లో నాలుగు అంశాలు సుప్రీంకోర్టు ముందుకొచ్చాయి, మూడు కొట్టేసింది. మిగిల్చిన ఒక్కటే ఆపినప్పుడు స్టేటస్ అడగడం. సరిగ్గా మెసేజ్ నిషేధించారని చెప్పినదే బతికింది! నాలుగింట్లో బతికిన ఒక్కదాన్నే చచ్చిందని రాయడానికి కూడా ప్రతిభ ఉండాలి.

కొట్టేసిన మూడింట్లో ఒకటి, పేపర్లు దగ్గర లేకపోవడం రాష్ట్ర నేరమనడం. కేంద్రం చూసుకునే పనిలో రాష్ట్రం వేలు పెట్టకూడదని కొట్టేశారు తప్ప, పేపర్లు అక్కర్లేదని కాదు. వెంట ఉంచుకోవాలన్న కేంద్ర చట్టం 1952 నుంచీ ఉంది, 30 రోజుల దాకా జైలు కూడా రాసి ఉంది. దశాబ్దాలుగా ఎవరూ పట్టించుకోలేదు, 2025 ఏప్రిల్ నుంచి పట్టించుకుంటాం అన్నారు. వీసా మీద ఉన్నవాళ్లకి ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు), గ్రీన్‌కార్డు వాళ్లకి కార్డే.

అంటే ఏడో పాయింట్ అక్షరాలా కరెక్టు. పదకొండేళ్లుగా ఈ దేశంలో ఉండి, ఇంత చట్టం మాట్లాడుతూ, నేను ఒక్కరోజూ అది జేబులో పెట్టుకోలేదు. బాబాయ్ పంపిన రోజు సాయంత్రం ప్రింట్ తీసి, నాలుగు మడతలు పెట్టి, పర్సులో లైసెన్సు వెనక దోపాను. కుర్రాడికీ అదే చెప్పాను, ట్రాన్స్‌ఫర్ ఆపి ముందు ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఆ కేసు కాగితాలు చూపించమన్నాను. శుక్రవారం అపాయింట్‌మెంట్ దొరికిందట.