మాగని మాగో బెర్రీకి, బెజవాడ నుంచి

మహారాజశ్రీ మాగో బెర్రీ గారికి,

బెజవాడ సత్యనారాయణపురం నుంచి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ, తమ తోబుట్టువులు ఫిగీ, వికీ, అగ్వావ్, ఇయపాపా గార్లూ క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేనిది పోకెమాన్ వీడియో గేములో తమలాంటి పండ్లు తినే మా బొద్దు జీవి స్నోర్లాక్స్ ఒక్కటే, ఆ సంగతి రాయడానికే ఈ ఉత్తరం.

2017 మే నెల, రోహిణి కార్తె ఇంకా మొదలవకముందే రోడ్డు మీద తారు కరుగుతున్న రోజులు. సెలవులకి గుంటూరు బ్రాడీపేట నుంచి మా అక్క కొడుకు వచ్చాడు, పన్నెండేళ్ళవాడు, ఒక చేతిలో పచ్చళ్ళ సంచి, ఇంకో చేతిలో త్రీడీఎస్, అంటే చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్. నా దగ్గరా ఒకటి ఉంది, అమెరికా నుంచి అన్నయ్య తెచ్చింది. ఇద్దరం పోకెమాన్ మూన్ ఆడతాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూలర్ ముందు చాప వేసుకుని, ఎవడు మొనగాడో తేల్చుకుందాం అనుకున్నాం. ఇద్దరి దగ్గరా స్నోర్లాక్సే, రెండూ బ్రేవ్ నేచర్‌వే, అంటే దెబ్బలో బలమెక్కువ, నడకలో నత్త. వాడు తన దానికి ఫిగీ బెర్రీ ఇచ్చాడు. నేను తమర్ని ఇచ్చాను.

ఎందుకిచ్చానంటే చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. అప్పుడే బంగినపల్లికి జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి ఉన్నాను, పక్క ఊరు నున్నలో మామిడి మార్కెట్టు, ఇంట్లో మంచం కింద గడ్డిలో నూజివీడు రసాలు. ఇలాంటి ఊళ్ళో పుట్టినవాడు మామిడి పేరున్న బెర్రీని వదిలి అంజీర్ పేరున్న బెర్రీ పట్టుకుంటే పరువేం కాను? ఊరి అభిమానం అంతే. లెక్కలు చూసుకోలేదు.

ఆట మొదలైంది. మొదటి టర్న్‌లో బెల్లీ డ్రమ్ వేశాను. పోకెమాన్ ఆడనివాళ్ళకి చెప్పాలంటే, స్నోర్లాక్స్ తన పొట్ట మీద తనే డప్పు వాయించుకుంటుంది, ప్రాణం సగం పోతుంది, బదులుగా దెబ్బలో బలం ఇక పెరగలేనంత పెరుగుతుంది. మామూలుగా తమరి లాంటి బెర్రీలు ప్రాణం పావు వంతుకి పడితేగాని నోట్లోకి వెళ్ళవు, కానీ నాది గ్లటనీ ఉన్న స్నోర్లాక్స్, తిండిపోతు, సగానికి పడగానే తినేస్తుంది. తిన్నది కూడా. పోయిన సగం ప్రాణమూ తిరిగొచ్చింది, బార్ మళ్ళీ నిండుగా పచ్చగా నిలబడింది. కొండంత బలం, నిండు ప్రాణం. ‘అయిపోయావురా అల్లుడూ’ అన్నాను.

అప్పుడు స్క్రీన్ మీద ఇంకో లైను వచ్చింది. స్నోర్లాక్స్ కన్‌ఫ్యూజ్ అయిందట!

అల్లుడు ఆ మొదటి టర్న్‌లో ప్రొటెక్ట్, అంటే దెబ్బ తగలకుండా అడ్డు వేసుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. రెండో టర్న్‌లో మా స్నోర్లాక్స్ వాడిని వదిలేసి తనని తానే కొట్టుకుంది. డప్పు వాయించి తెచ్చుకున్న బలమంతా పెట్టి మరీ కొట్టుకుంది, ఒక్క దెబ్బకి సగానికి పైగా పోయింది. ఆ సందులో వాడు తన పొట్ట వాయించుకుని, ఫిగీ తిని, నిండుగా తయారయ్యాడు. మూడో టర్న్‌లో మాది మళ్ళీ తనని తానే కొట్టుకుని పడిపోయింది. మూన్‌లో కన్‌ఫ్యూజ్ అయిన పోకెమాన్ తనని తాను కొట్టుకునే అవకాశం మూడింట ఒక వంతే, వరసగా రెండుసార్లంటే తొమ్మిదిలో ఒక్కసారి. ఆ ఒక్కసారీ నాకు మొదటిసారే తగిలింది. వాడి వైపు నుంచి మా స్నోర్లాక్స్ మీద ఒక్క గీత పడలేదు.

‘మావయ్యా, నేచర్ చూసుకోవా?’ అన్నాడు వాడు, ఎగతాళిగా కూడా కాదు, నిజంగా జాలిపడి. ‘బ్రేవ్ వాటికి తీపి పడదు. కారం పెట్టాలి.’

గుంటూరు వాడి నోట ఆ మాట విన్నాక ఇంక తమరికి మర్యాద ఏమిటి, ఈ లైను నుంచి నువ్వే.

అసలు నీ పేరులోనే ఉంది నీ సంగతి. మాంగోలో సున్న మింగేసి మాగో అని పెట్టుకున్నావు, మాకేమో మాగడం అంటే పండటం, నువ్వేమో ఎప్పటికీ మాగవు. కాయ ఎంత వంకర తిరిగితే అంత తియ్యనట, ఒంటికి గులాబీ రంగట. మా దగ్గర మామిడికాయ గులాబీ రంగులో మెరిస్తే కొనేవాడు ముందు కార్బైడ్ వేశారా అని అడుగుతాడు. తిన్నాక కళ్ళు తిరిగాయంటే ఇంక అడగడం కూడా ఉండదు, బుట్ట తీసుకుని నేరుగా వెనక్కి వస్తాడు.

నీ తోబుట్టువుల రుచుల పట్టిక ఎవడు రాశాడో గానీ వాడికొకసారి మా రైతుబజారు చూపించాలి. అంజీర్ పేరున్న ఫిగీ కారం. కివీ పేరున్న వికీ వగరు, సరే పోనీ. జామ పేరున్న అగ్వావ్ చేదు! బొప్పాయి పేరున్న ఇయపాపా పులుపు! దోర జామకాయకి ఉప్పూ కారం అద్దుకుని తినే ఊరివాళ్ళకి చెప్పాల్సిన మాటేనా ఇది? అన్నట్టు ఉప్పు అంటే గుర్తొచ్చింది, మీ ఆటలో రుచులు అయిదే. ఉగాది పచ్చడిలో ఆరు ఉంటాయి, ఉప్పు ఎవడు తినేశాడో తెలియదు.

ఇంకో చిత్రం. ప్రతి నేచర్‌కీ ఏ శక్తి తక్కువైతే దానికి జతైన రుచి పడదని మీ రూలు, వేగానికి జత తీపి. అంటే నెమ్మదిగా కదిలేవాళ్ళకి తీపి పడదన్నమాట. మా బాబాయ్ నాలుగు రసాలు పీల్చి, రెండు పూతరేకులు తిని, సాయంత్రం అయిదింటిదాకా చాప మీద నుంచి కదలడు. మీ లెక్క ప్రకారం ఆయన తీపి అంటే ఆమడ దూరం పరిగెత్తాలి. పరిగెడితే చూడాలని మా పిన్నికి ఎప్పటి నుంచో కోరిక.

స్నోర్లాక్స్ పొట్ట గురించైనా నీకు తెలిసుండాల్సింది. 460 కిలోల జీవి, రోజుకి 400 కిలోలు తినందే తృప్తిపడదని, కాస్త బూజు పట్టిన తిండి తిన్నా దానికి అజీర్తి చేయదని మీ ఆటలోని జీవుల వివరాల పుస్తకం పోకెడెక్స్‌లోనే రాసుంది. బూజు అరిగించుకున్న పొట్టని ఒక్క పండుతో తిప్పేశావంటే నీ ప్రతిభకి దణ్ణం పెట్టాలి.

నీ దానగుణం కథ కూడా కొంచెం చెప్పుకోవాలి. 2002లో రూబీ, సఫైర్ ఆటలతో వచ్చినప్పుడు నువ్విచ్చింది మొత్తం ప్రాణంలో ఎనిమిదో వంతు, రూపాయికి రెండణాలు. ఆ రెండణాలకి కూడా కళ్ళు తిప్పే షరతు ఉంది కాబట్టి నిన్నెవరూ ముట్టుకోలేదు, అందరూ సిట్రస్ బెర్రీ వెనకే పడ్డారు. 2016లో సన్, మూన్ రాగానే ఒక్కసారిగా ఎనిమిదణాలు! 2017 పోటీల్లో ఎక్కడ చూసినా మీ అయిదుగురే. జట్టులో ఒకే వస్తువు ఇద్దరి చేతిలో ఉండకూడదని పోటీ రూలు కాబట్టి ఒకడికి నువ్వు, ఒకడికి వికీ, ఒకడికి ఫిగీ, పెళ్ళిలో కవర్లు పంచినట్టు పంచారు. 2019లో స్వోర్డ్, షీల్డ్ వచ్చేసరికి మళ్ళీ మూడో వంతుకి దించారు, రూపాయికి అయిదణాల చిల్లర. రేటు ఎన్నిసార్లు మార్చినా షరతు మాత్రం ఒక్కసారీ తియ్యలేదు.

కాపు విషయంలో నిన్ను తిట్టను. ఆ పాత రూబీ, సఫైర్‌లో ఏడాది గడిచాక గడియారం మొరాయించి బెర్రీ చెట్లు ఎదగడం మానేశాయని, దాన్ని తర్వాత సరిచేయాల్సి వచ్చిందని విన్నప్పుడు నాకేమీ వింత అనిపించలేదు. మామిడి ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు ముఖం చాటెయ్యడం మాకు తెలియనిదా. మొత్తం కుటుంబంలో నీకు మామిడి పోలిక అచ్చంగా వచ్చింది ఆ ఒక్క చోటే.

ఓడిన కసితో కొన్నాళ్ళు నిన్ను సంచిలోనే ఉంచాను. స్వోర్డ్‌లో నేచర్ మార్చే మింట్‌లు వచ్చాయంటే, ఇంకేం, పుదీనా పెట్టి దారికి తెస్తాననుకున్నాను. తీరా చూస్తే మింట్‌తో మారేది శక్తుల లెక్కే, పేరు దగ్గర మళ్ళీ బ్రేవ్ అనే రాసుంటుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మావాళ్ళు ఊరికే అన్నారా. సరే, ఫిగీకి మారిపోదామా అంటే గుంటూరు ముందు తల వంచినట్టవుతుంది, ఆ అల్లుడు ఇప్పుడు ఇంజినీరింగ్‌కి వచ్చాడు, అయినా ఇంటికి వచ్చినప్పుడల్లా ‘మావయ్యా, తీపా కారమా?’ అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ రోజు ఇంకోటి జరిగింది, అది రాయకపోతే ఉత్తరం పూర్తి కాదు. మా ఇద్దరి అరుపులకి అమ్మ వంటింట్లోంచి వచ్చింది, చేతిలో రసాల గిన్నె.

‘ఏమైందిరా?’

‘నా దానికి కళ్ళు తిరిగాయమ్మా.’

‘ఏం పెట్టావు?’

‘మామిడిపండు.’

అమ్మ స్క్రీన్‌లో పడిపోయిన స్నోర్లాక్స్ వైపు చూసింది, నా వైపు చూసింది. ‘తొడిమ తీసి నీళ్ళల్లో వేశావా?’

వెయ్యలేదన్నాను.

‘మరి వేడి చెయ్యదుట్రా?’ అని గిన్నె మా మధ్యన పెట్టి వెళ్ళిపోయింది.

నీ గురించి ఇన్నేళ్ళలో విన్న వివరణల్లో నాకు నమ్మబుద్ధయింది ఇదొక్కటే. కాబట్టి మాగో బెర్రీ గారూ, మళ్ళీ మీరు అనే అంటున్నాను, పని పడింది కదా, వచ్చే ఆటలోకి వచ్చే ముందు దయచేసి ఓ అరగంట బకెట్టు నీళ్ళలో కూర్చుని రండి. బకెట్టు మీ దగ్గర లేకపోతే మా ఇంట్లో ఉంది.

ఇట్లు,
బ్రేవ్ స్నోర్లాక్స్ యజమాని,
సత్యనారాయణపురం, బెజవాడ