డేలైట్ సేవింగ్ టైమ్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ డేలైట్ సేవింగ్ టైమ్ గారికి, డల్లాస్ నుంచి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. సాయంత్రం వెలుతురు ఎక్కువసేపు ఉండాలని ఏటా మార్చిలో మా గడియారాలు గంట ముందుకు జరిపి, నవంబరులో మళ్లీ వెనక్కి తిప్పి వెళ్లే తమరు, మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు కొట్టాల్సిన చోట మూడు కొట్టించి వేంచేసినట్టు తెలిసింది. ఫోన్లన్నీ భయపడి వాటంతటవే మారిపోయాయి. మా మైక్రోవేవ్ మాత్రం ఇంకా లొంగలేదు. ఇంట్లో వెన్నెముక ఉన్నది దానికొక్కదానికే.

మీ పుట్టుపూర్వోత్తరాలు విచారించాం. 1895లో న్యూజిలాండ్‌లో జార్జ్ హడ్సన్ అనే ఆయన, పోస్టాఫీసు డ్యూటీ దిగాక పురుగులు పట్టుకోడానికి వెలుతురు చాలడం లేదని మిమ్మల్ని తలుచుకున్నాడు. 1916లో జర్మనీ, యుద్ధంలో బొగ్గు మిగులుతుందని మిమ్మల్ని గద్దె ఎక్కించింది. మరి ఇప్పుడు మిగిలేదేమిటి? 2006లో ఇండియానా రాష్ట్రమంతా మిమ్మల్ని నెత్తికెత్తుకుంటే, ఇళ్లలో కరెంటు వాడకం తగ్గకపోగా సుమారు ఒక శాతం పెరిగిందని పరిశోధకులు లెక్క తేల్చారు. లైటు కాస్త ఆలస్యంగా వేశారు సరే, ఏసీ బిల్లు ఎవరు కడతారు?

ఇక మా గోడు. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని మాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. మీరు రాగానే అది ఎనిమిదిన్నర నుంచి పది. అమెరికా కాంగ్రెస్ చట్టానికి రాహువు కూడా కట్టుబడ్డాడన్నమాట! కొత్త కారు తాళాలు చేతిలోకి రాబోతుంటే, షోరూమ్‌లో ఓ మూలకెళ్లి ఇండియాకి ఫోన్ చేసి, "పంతులుగారూ, మీరు చెప్పింది పాత టైమా, కొత్త టైమా?" అని గుసగుసగా అడగాల్సి వస్తోంది. మా అమ్మయితే ఒక్క ముక్కలో తేల్చేసింది: "గవర్నమెంటు చెబితే పొద్దు మారుద్దేంట్రా?"

హైదరాబాదులో మీ చట్టం లేదు, మీ దెబ్బ మాత్రం ఉంది. ఇక్కడ పొద్దున తొమ్మిదింటి మీటింగ్ గచ్చిబౌలిలో ఇప్పుడు రాత్రి ఏడున్నరకి, నవంబరు నుంచి ఎనిమిదిన్నరకి. అక్కడ ఆ మీటింగ్‌లో కూర్చునే కుర్రాడికి మీరు ఆదా చేసిన వెలుతురు ఏ అకౌంట్లో పడుతోందో కాస్త కనుక్కుని చెప్పండి.

ఏడాదంతా మీరే ఉండిపోతే గొడవే ఉండదని కొందరు మీ తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. 2022లో అమెరికా కాంగ్రెస్ ఎగువ సభ సెనేట్ సరేననేసింది కూడా. దిగువ సభ హౌస్‌లో ఆగింది కాబట్టి బతికిపోయాం. 1974 జనవరిలో ఆ ముచ్చటా తీర్చుకున్నారుగా! పిల్లలు కటిక చీకట్లో స్కూలుకి బయల్దేరాల్సొస్తే తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. ఏడాది తిరక్కముందే పాత పద్ధతికి వచ్చేశారు. మా ఊళ్లో జనవరి మొదట్లో పొద్దు పొడిచేసరికే ఏడున్నర. మీరు తిష్ఠ వేస్తే ఎనిమిదిన్నర. నిద్ర డాక్టర్ల సంఘం కూడా 2020లోనే మీరు జరపని పాత టైమే, అంటే స్టాండర్డ్ టైమే, ఒంటికి మంచిదని చెప్పేసింది.

కాబట్టి ఈ నవంబరులో వెళ్లినవారు మళ్లీ రాకండి. అరిజోనా 1968లోనే మీకో దణ్ణం పెట్టేసింది. ఆ ఎండల్లో సాయంత్రం ఇంకో గంట సూర్యుణ్ణి భరించేదెవరు? పైగా ఫెడరల్ చట్టం ప్రకారం ఏ రాష్ట్రమైనా మిమ్మల్ని వదిలించుకోవచ్చు, ఏడాది పొడవునా ఉంచుకోడానికి మాత్రం వీల్లేదు. రాసినవాళ్లకే మీమీద అనుమానం ఉన్నట్టుంది.

ఇట్లు,
నిద్ర చాలని ఓ డల్లాస్ వాసి

తా.క.: జవాబు రాస్తే టైమ్ పక్కన సీఎస్‌టీయో (మా స్టాండర్డ్ టైమ్) సీడీటీయో (మీ టైమ్) తప్పకుండా వేయండి. లేకపోతే మళ్లీ మీటింగ్ పెట్టుకోవాలి.